కాలు కింద పెట్టకుండా తేరహళ్లికి

మా తెనాలిలో కొండ లేదు. ఎత్తు కావాలంటే రైలు పట్టాల మీది వంతెన ఒక్కటే దిక్కు. మొన్న మాఘమాసమంతా ఆ వంతెనను రోజుకు వందసార్లు ఎక్కి దిగాను. వంద అని మా ఆదివారం సైకిలు బృందంలో చెప్పుకున్నాను గానీ, నిజానికి డజను. ఆ డజనుకే వంతెన మొదట్లో కూరగాయలమ్మే ఆవిడ, "ఏం పారేసుకున్నావు బాబాయ్, నేనూ వెతుకుతా" అని లేచి నిలబడింది.

చలి తగ్గుముఖం పట్టగానే యూరపులో సైకిలు పందేలు మొదలవుతాయి. అక్కడ వాన, బురద, రాళ్ళు పరిచిన దారులు, ముఖాన పేడ కొట్టినట్టు మట్టి. ఇక్కడ నేను దీపాలు పెట్టే వేళకు ఫోనును మరచెంబుకు ఆనించి కూర్చుంటాను. వాళ్ళు మిట్ట ఎక్కుతుంటే సోఫా మీద నా కాళ్ళూ ఆడతాయి. మా ఆవిడ సుబ్బలక్ష్మి బీరకాయ చెక్కు తీస్తూ ఒక చూపు చూసి, "గెలిచేది ఆ ముందున్నవాడేగా, వెనక అంతమందికి ఎందుకండీ ఆయాసం" అంటుంది. వాళ్ళు తమ నాయకుడికి గాలి తగలకుండా అడ్డం తొక్కుతారని, అతనికి నీళ్ళ సీసాలు మోస్తారని నేను ఉపన్యాసం అందుకుంటాను. ఆవిడ బీరకాయలు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

పోయిన వేసవిలో నా గుండెకు స్టెంటు వేశారు. కొన్నాళ్ళ తర్వాత సైకిలు తొక్కవచ్చన్నారు డాక్టరుగారు. "మెల్లగా" అని కూడా అన్నారట. ఆ మాట నాకు వినపడలేదు, మా ఆవిడకు బాగా వినపడింది. నేను తొక్కడానికి వెళ్ళి వచ్చేదాకా ఆవిడ వీధి మెట్ల మీదే కూర్చునేది, చేతిలో పనేమీ లేకుండా. చివరికి ఒకనాడు తేల్చేసింది.

"ఒక్క కొండ. డాక్టరుగారు సరేనంటే వెళ్ళండి. కాలు కింద పెట్టకుండా పైదాకా ఎక్కితే ఇక నేను నోరెత్తను. మధ్యలో కాలు దించారా, సైకిలు రేపల్లెలో మా తమ్ముడికి."

ఆ తమ్ముడు సైకిలు మీద తువ్వాళ్ళు ఆరేసుకునే రకం.

డాక్టరుగారు పరీక్షలు చేసి సరేనన్నారు. మాకు ఎండ చురుక్కుమనే రోజుల్లోనూ కర్ణాటకలోని కోలారు జిల్లాలో పొద్దున పూట స్వెటరు కావాలి. నంది హిల్సుకు పోవచ్చు గానీ అక్కడ బెంగుళూరు కుర్రాళ్ళు తిరునాళ్ళలా ఉంటారట. ఓడితే నలుగురి ముందూ ఓడాలి. కోలారు పక్క కొండల మీద తేరహళ్లి అనే పల్లె ఉందని, మెలికల రోడ్డు ఉందని, పెద్దగా ఎవరూ చూడరని విన్నాను. ఆ చివరి మాట నచ్చింది.

మారికుప్పం

ముందు బంగారు గనుల ఊరు చూసి, కాళ్ళు సాగదీసుకుని, తర్వాత కొండ సంగతి చూద్దామనుకున్నాను. బంగారుపేట నుంచి మారికుప్పం పోయే రైల్లో సైకిలు చక్రాలు ఊడదీసి, పాత దుప్పటి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటులో పూలబుట్టతో ఉన్నావిడ ఆ మూటను చాలాసేపు పరీక్షించింది.

"ఏమప్పా అది, కుట్టు మిషనా?"

"రేసు సైకిలమ్మా."

"రేసు సైకిలైతే రైల్లో ఏల వస్తాది?"

పెట్టె అంతా నవ్వింది. తెలుగు, కన్నడం, తమిళం ఒకే వాక్యంలో కలిపి ఎవరో ఏదో అన్నారు. దానికి ఇంకా పెద్ద నవ్వు లేచింది. అర్థం కాలేదు కాబట్టి నేనూ నవ్వాను.

స్టేషను బయట టీ కొట్టు దగ్గర చక్రాలు బిగిస్తుంటే, బెంచీ మీది ముసలాయన ఒకరు దగ్గరకు వచ్చి వంగి చూశారు. పేరు సెల్వరాజు. గనులు మూసేదాకా వాటిలో పనిచేసిన మనిషి. వయసు నా కంటే ఎక్కువ, జుట్టు కూడా నా కంటే ఎక్కువ.

"యాడ నుంచి సార్ వస్తా ఉండారు?"

"తెనాలి నుంచి."

"సైకిల్లోనేనా?"

మంచివాడైతే ఇక్కడ కాదంటాడు. నేను ఔనన్నాను. మరుక్షణం టీ వచ్చింది, రెండు మసాలా వడలు వచ్చాయి, చుట్టూ నలుగురు చేరారు. దారిలో కుక్కలు, లారీలు, ఎదురుగాలి, అన్నీ చెప్పాను. నెల్లూరు దాటాక ఒక రాత్రి పొలంలో పడుకున్నట్టు కూడా చెప్పాను. రెండో వడ గొంతు దిగేసరికి మనస్సాక్షి అడ్డం పడింది. "నిజానికి రైల్లో వచ్చానండీ" అన్నాను.

సెల్వరాజు నవ్వలేదు. "తెలుసును సార్. టికెట్టు జోబులో నుంచి కనిపిస్తా ఉండాది. అయితే పొలంలో పడుకునింది బాగా చెప్తిరి."

వడలకు డబ్బు తీసుకోలేదు. కథకు సరిపోయిందట.

దిబ్బల పక్కన

ఆయన తన పాత రాలీ సైకిలు మీద, నేను నా సన్న టైర్ల మీద, ఊరంతా తిరిగాం. ఊరి మధ్యలో బూడిదరంగు దిబ్బలు వరసగా ఉంటాయి. రాయి పొడిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి అది. మా వంతెనకన్నా ఎంతో ఎత్తు. శిక్షణకు పనికొస్తుందేమోనని నేను ఆశగా చూస్తుంటే సెల్వరాజు పసిగట్టేశారు.

"దాని మీద ఎక్కకూడదు సార్. సైనైడ్ దిబ్బ అది. గాలి లేస్తే చొక్కా, సాంబారు, మనిషి, అంతా ఒకటే కలరు."

"నేను కొండ ఎక్కడానికి వచ్చాను లెండి. తేరహళ్లికి."

"ఎక్కేకి ఇంత దూరం వచ్చినారా? మేము షిఫ్టుకి రెండు మైళ్ళు దిగుతా ఉంటిమి. నిలువుగా."

"రెండు మైళ్ళా?"

"సరే, ఒకటిన్నర పెట్టుకోండి. మీరు తెనాలి నుంచి తొక్కినారు గదా, నాకు ఒక అర మైలు ఇయ్యకూడదా?"

ఆ క్షణం నుంచి మేమిద్దరం స్నేహితులం.

వాళ్ళ ఇల్లు కార్మికులకు కట్టిన లైన్లలో ఉంది. ఒకదానికొకటి భుజాలు ఆనించుకున్నట్టు వరస ఇళ్ళు. మా వైపు ఇంటికి ఎవరైనా వస్తే ముందు మంచినీళ్ళిస్తాం. సెల్వరాజు భార్య రోజమ్మ నాకు ముందు లుంగీ ఇచ్చింది. పందేలవాళ్ళు వేసుకునే బిగుతు నిక్కరులో నేను గుమ్మంలో నిలబడితే, ఆవిడ తల పక్కకు తిప్పుకుని, "ఆయప్పకి ముందు ఏమన్నా కట్టుకునేకి ఇయ్యి" అంది మొగుడితో. ఆ నిక్కరు వెనక దూది మెత్త ఉంటుంది. దాన్ని చూసి ఆపరేషనేమోనని కూడా అనుమానపడిందట.

అన్నం, చేపల పులుసు పెట్టింది. లుంగీ కట్టుకుని తిన్న ఆ భోజనం ముందు యూరపు వీరులు తినే కొలతల తిండి ఎందుకూ పనికిరాదు.

తిన్నాక అరుగు మీద కూర్చుంటే, కొండ గురించి అంత బెంగ ఎందుకని అడిగారు సెల్వరాజు. స్టెంటు సంగతి, మా ఆవిడ పెట్టిన షరతు చెప్పాను. ఆ ఊళ్ళో అతిశయోక్తి లేకుండా నేను చెప్పిన మొదటి మాట అదే. అసలు భయం కూడా చెప్పాను. సైకిలు పోతుందని కాదు. కొండ మధ్యలో గుండె కొంచెం గట్టిగా కొట్టుకుంటే చాలు, నేనే భయపడి కాలు దించేస్తాను. తర్వాత ఇక ఎప్పటికీ ఎక్కను.

ఆయన అరుగు మీద నా పక్కకు జరిగారు.

"మొదటి దినం కేజిలో, గనిలోకి దింపే ఇనప బోను సార్ అది, దిగేటప్పుడు అందరికీ కాళ్ళు వణుకుతాయి సార్. పక్కనుండే పెద్దోళ్ళు వెనకాల నుంచి మన బెల్టు పట్టుకుంటారు. ఒక మాట అనరు. మొగం కూడా చూడరు. ఊరికే పట్టుకుంటారు."

"మిమ్మల్నీ పట్టుకున్నారా?"

"నన్నా? నేను భయపడలేదు సార్." కొంచెం ఆగి, "ఆరు దినాలు పట్టుకునిరి" అన్నారు.

తమక

మర్నాడు కోలారు వైపు బయలుదేరాను. మామిడి పూతలో ఉంది. గాలి ఎటు వీచినా తేనె వాసన. గాలి మాత్రం నాకు ఎదురుగానే వీచింది. పందేల్లో దీనికి మందు ఒకటే, ముందుపోయే బండి చాటున దూరడం. నేనొక లారీ వెనక పట్టి గాలితో పోటీగా పోయానని మా బృందానికి చెప్పి ఉన్నాను. అది లారీ కాదు. మల్బరీ ఆకు మూట వేసుకుపోతున్న మోపెడ్. దాని వేగం కూడా ఆకు వాడిపోనంత, అంతే.

కొంత దూరం పోయాక మోపెడ్ ఆయన వెనక్కి తిరిగాడు.

"ఏమన్నా, అప్పట్నించీ నా వెనకాల్నే వస్తాండావు. పోలీసా?"

"కాదు నాయనా. నీ చాటున గాలి తగలట్లేదు."

అతను ఒకసారి నా ముఖం, ఒకసారి ఆకు మూట చూశాడు. "అట్లనా? అయితే మెల్లగా పోతా రా. పురుగులకి ఇంగా ఆకలి కాలేదులే."

అలా కోలారు పక్కనున్న తమక అనే ఊరి దాకా తీసుకొచ్చి దింపాడు. పట్టుపురుగులు ఆ పూట నా మూలంగా ఆలస్యంగా తిన్నాయి. వాటికీ కృతజ్ఞతలు.

తమకలో ముల్లు గుచ్చుకుని గాలి పోయింది. పంచరు కొట్టాయన నా టైరును బొటనవేలితో నొక్కి, "ఇది టైరా, ములక్కాడా?" అన్నాడు. నా చక్రానికి వాళ్ళ పంపు పట్టదు. చక్రం నీళ్ళ తొట్టిలో ముంచి చిల్లు చూపించి, అతుకు వేసి, "గాలి నువ్వే కొట్టుకోవల్ల" అని నా చిన్న పంపుతో నేను పడే అవస్థ చూస్తూ పక్కనే కూర్చున్నాడు. చేయి నొప్పి పుట్టినప్పుడల్లా అందుకుని నాలుగు కొట్టి ఇచ్చాడు.

మధ్యాహ్నం మెస్సులో రాగిముద్ద, పితికిన పప్పు. అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కటీ పితికి, తొక్క తీసి చేసే కూర అది. చలికాలం పోతే దొరకదట. నేను ముద్దను శ్రద్ధగా నములుతుంటే వడ్డించే ఆయనకు బాధేసింది.

"నమిలేకి అదేమన్నా చూయింగ్ గమ్మా? పులుసులో అద్ది మింగెయ్యి. కడుపు చూసుకుంటాది."

గోంగూర అన్నం ముద్ద ముద్దకూ నమిలి ఆనందించే జాతి మాది. మింగడమంటే మాకు మాత్రలే. అయినా మింగాను. మూడు ముద్దలు. సరే, ఒకటిన్నర. సాయంత్రం దాకా ఆకలి అన్న మాట లేదు.

తేరహళ్లి మిట్ట

రాత్రి కోలారులో పడుకుని, తెల్లవారాక, మంచు విడిచే వేళకు ఊరు దాటాను. కొండ మొదట్లో ఒక చిరుత దారి పక్కన కూర్చుని నన్నే చూసింది. కోతి. పెద్ద కోతి.

మొదటి మెలిక దాకా బాగుంది. ఎవరూ లేని చోట నాకొక అలవాటుంది, పందెం వ్యాఖ్యాతలా నా గురించి నేనే గట్టిగా చెప్పుకుంటాను. "తెనాలి వీరుడు ఒంటరిగా ముందుకు దూసుకుపోతున్నాడు, వెనక ఎవరూ కనుచూపు మేరలో లేరు" అంటూ. రెండో మెలికకు వ్యాఖ్యాతకు ఊపిరి చాలలేదు. ఉన్న గేర్లన్నీ అయిపోయాయి. సైకిలు నడిచే మనిషంత మెల్లగా పోతోంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడింది. తల మీద కిరాణా మూట పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, యాభై దాటిన ఆవిడ ఒకరు నా పక్కకు వచ్చి, నాతో సమానంగా నడవసాగింది. ఆయాసం లేదు. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది. తేరహళ్లి ఆవిడే.

"ఏమప్పా, దిగి నడిస్తే బిర్రున పోతావు గదా?"

"దిగ... కూడదు."

"కాలు కింద పెట్టకూడదా?"

తల ఊపాను.

"మొక్కుబడా?"

వివరించే ఊపిరి లేదు. మళ్ళీ తల ఊపాను. ఆవిడ ముఖం మారిపోయింది. ఎగతాళి పోయి, గుడిలో పక్కన నిలబడ్డ మనిషిని చూసే చూపు వచ్చింది.

అప్పుడే గుండె మొదలుపెట్టింది. చెవుల్లో దబదబ. నొప్పి లేదు, కళ్ళు తిరగలేదు. డాక్టరుగారు ఆగమని చెప్పిన గుర్తులేవీ లేవు. ఉన్నదల్లా భయం. కుడికాలు పెడలు మీద నుంచి లేవబోతోంది. నేను కాదు, అదే.

పక్క నుంచి ఆవిడ అంది. "నూకల్లా అప్పా?"

తెనాలి చెవులతో విన్నాను. మా వైపు నూకలంటే బియ్యపు నూకలు. మనిషి చావు తప్పించుకుంటే, భూమ్మీద ఇంకా నూకలున్నాయిరా అంటాం. ఆసుపత్రి నుంచి నన్ను తీసుకొచ్చినప్పుడు మా వీధంతా ఆ మాటే అంది. ఇప్పుడు కొండ మధ్యలో, ముక్కూ ముఖం తెలియని మనిషి, నా రంగు చూసి, నూకలా అని అడుగుతోంది. ఉన్నాయా, అయిపోయాయా అని.

రోషం వచ్చింది. "ఉన్నాయి" అందామని నోరు తెరిచాను. ఊపిరి చాలక "ఊ" దగ్గరే తెగిపోయింది.

వెంటనే నా వెనక, నడుము పైన, ఒక చెయ్యి ఆనింది. గట్టి చెయ్యి. సైకిలు తేలిక పడింది.

కోలారు వైపు నూకడమంటే తోయడం. తొయ్యమంటావా అని ఆవిడ అడిగింది. ఊ అని నేనన్నాను. ఇంత జరిగిందని నాకప్పుడు తెలియదు. తెలిసిందల్లా, చెవుల్లో చప్పుడు అలాగే ఉన్నా, భయం మాత్రం ఆ చెయ్యి తగలగానే తగ్గిపోయింది. కుడికాలు బుద్ధిగా పెడలు మీద కూర్చుంది.

ఒక చేత్తో తల మీది మూట, ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఆవిడ దారి పొడుగునా కబుర్లు చెప్పింది. ఆవు ఈనిందని, దూడకు కాళ్ళు పొడుగని, కిందికి దిగితే గానీ మంచి చింతపండు దొరకదని. నేను ఊ కొట్టాను. ఊ కొట్టినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా నూకింది.

కొండ మీద

పల్లె మొదట్లో, చదునైన చోట, దిగాను. కాలు కింద పెట్టాను. అప్పుడు పెట్టవచ్చు.

మునెమ్మ భర్త మునివెంకటప్ప పాకలో పాలు పితుకుతున్నాడు. "ఈయప్ప మొక్కుబడి తీర్చుకునేకి వచ్చినాడు, కాలు కింద పెట్టకుండా" అని ఆవిడ చెప్పగానే లేచి, చేతులు తుడుచుకుని, నాకు నులక మంచం వాల్చాడు.

"ఏ దేవునికప్పా మొక్కుబడి?"

"మా ఆవిడకి" అన్నాను.

ఆయన పాల గ్లాసు అందిస్తూ, "అది తీర్చేది కష్టమే" అన్నాడు.

పాలు తాగుతూ నూకల సంగతి తేల్చుకున్నాం. నేనేమనుకున్నానో చెబితే మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరి మెలిక మాత్రం నేనే ఎక్కానని, అప్పటికి ఆవిడ చెయ్యి తీసేసిందని అన్నాను.

"నేను యాడ తీస్తిని? అక్కడే గదా ఎక్కువ నూకింది. చెయ్యి చూడు, ఎట్ల ఎర్రగా ఉండాదో."

చూశాను. ఎర్రగానే ఉంది.

మా ఆవిడకు ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది. మెట్ల మీద కూర్చుని ఉంటుంది.

"ఎక్కాను. ఒక్కసారి కూడా కాలు దించలేదు. గాలిలా ఎక్కాను."

అటునుంచి నేరుగా ప్రశ్న వచ్చింది.

"ఎవరైనా తోశారా?"

మునెమ్మ ఎర్రటి చెయ్యి వంక చూశాను.

"ఆ పందేల్లో జనం తోస్తుంటారుగా" అంది. "మీరు అడిగితే తోశారా, అడక్కుండా తోశారా? అడిగితే తప్పు, అడక్కపోతే ఊరుకుంటారు, అంతేగా?"

ఇన్నాళ్ళూ బీరకాయలు తీసుకుని లోపలికి పోతుందనుకున్నాను. గుమ్మం అవతల నిలబడి నా ఉపన్యాసాలన్నీ వింటోందన్నమాట.

ఇక దాచలేదు. అంతా చెప్పాను. మొక్కుబడి, గుండె చప్పుడు, లేవబోయిన కాలు, నూకలు.

"నూకలా అని అడిగిందనుకుని మీరేమన్నారు?"

"ఉన్నాయందామనుకున్నాను. ఊ దగ్గరే ఆగిపోయింది."

మా ఆవిడ ఇక ప్రశ్నలు వేయలేదు. "ఆవిడకి ఫోనివ్వండి" అంది.

ఇచ్చాను. మునెమ్మ ఫోనును చెవికి దూరంగా పట్టుకుని, కొండ దిగువకు వినపడేంత గట్టిగా మాట్లాడింది. నాకు ఇటువైపు సగమే తెలుసు. "లేదక్కా, బాగుండాడు... మొగం ఎర్రగా ఉండాది, అంతే... పాలు తాగినాడు... మనిషి మంచోడే, ఊరికే మాట్లాడతాడు... అయ్యో, నూకేదానికేముంది, చెయ్యి ఉండేది దేనికి?" తర్వాత చాలాసేపు ఊ కొట్టింది. తర్వాత ఫోను నాకిచ్చింది.

"సైకిలు మా తమ్ముడికి ఇవ్వనులెండి" అంది మా ఆవిడ. "మళ్ళీ ఎక్కుతారా ఆ కొండ?"

"వచ్చే ఏడు మాఘంలో. నువ్వు సరేనంటే."

"ఒంటరిగా వద్దు. నేనూ వస్తాను. ఒక్కతే అంత దూరం తోయాలంటే ఆవిడకి చెయ్యి నొప్పి పుట్టదూ?"

ఫోను పెట్టేశాను. ఏమందని మునెమ్మ అడిగింది. వచ్చే ఏడు తనూ వస్తుందట, నూకడానికి, అని చెప్పాను. ఆవిడ మూటలోంచి చింతపండు తీసి చాటలో పోస్తూ తల ఊపింది.

"రమ్మను. ఇద్దరమూ కలిసి నూకితే నీవు తొక్కే పనే ఉండదు."